హత్సమ్మ తవుడు కుండ

కాళ్ళు కడుక్కున్నావా చిట్టీ? అయితే ఇలా నా పక్కకి జరుగు. ఈ కథ మీ తాతయ్య ఓడ మీద పనిచేసే రోజుల్లో ఒక జపాను వంటావిడ దగ్గర విని వచ్చి నాకు చెప్పారు. అందులో కొంత నేను మర్చిపోయాను. మర్చిపోయిన చోట నా ఇష్టమొచ్చినట్టు కలిపాను. ఊఁ కొడుతూ వినాలి మరి.

అనగా అనగా, మన సముద్రం దాటి, దాని పక్క సముద్రం కూడా దాటితే వచ్చే జపాను దేశంలో, ఒక కొండ మీది ఊళ్ళో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ పేరు హత్సు. మనం హత్సమ్మ అనుకుందాం. హత్సమ్మకి ఒక కూతురు, ఒక పిల్లి, ఒక కుండ. కూతురి పేరు ఫుమి. పిల్లి పేరు గొమా, అంటే వాళ్ళ భాషలో నువ్వులు. ఒళ్ళంతా నువ్వులు చల్లినట్టు మచ్చలులే దానికి. కుండకి పేరు లేదు గానీ, ముగ్గురిలోకీ గారాబం దానికే ఎక్కువ.

ఆ కుండలో ఏముందనుకున్నావు? తవుడు! నవ్వకు. మనం గేదెకి పెట్టే తవుడే. అందులో ఉప్పూ నీళ్ళూ కలిపి, రాత్రి ఒక ముల్లంగో వంకాయో కప్పెట్టి, పొద్దున్నే తీసి కడిగి కోసుకుంటే, అదీ వాళ్ళ ఊరగాయ. కరకరలాడుతూ, పుల్లపుల్లగా, వేడన్నంలోకి అంత బాగుంటుందట.

మన ఆవకాయ జాడీలో చెయ్యి పెడితే అమ్మమ్మ ఏం చేస్తుంది? వీపు మీద ఒకటేస్తుంది కదూ. ఆ కుండ సంగతి తలకిందులు. రోజూ చెయ్యి పెట్టి అడుగుదాకా కలపకపోతే అలుగుతుంది. వారం రోజులు వదిలేస్తే కంపు కొట్టి చచ్చిపోతుంది. హత్సమ్మ వాళ్ళమ్మ కలిపింది, ఆవిడ అమ్మ కలిపింది, ఆవిడ అమ్మ కూడా కలిపింది. అందుకని హత్సమ్మ నలభై ఏళ్ళుగా ఒక్క రాత్రి కూడా ఇల్లు వదల్లేదు. పక్కింటావిడ "నేను కలుపుతాలే వదినా, వెళ్ళిరా" అంటే, "నీ చెయ్యి నాకు తెలీదా?" అని మూతి తిప్పేది.

ఫుమికి పెళ్ళి కుదిరింది. సముద్రపొడ్డున జాలర్ల ఊరు, మూడు రోజుల ప్రయాణం. అప్పుడు ఫుమి, "అమ్మా, ఒక్క పిడికెడు తవుడు ఇవ్వవే. అక్కడ నేనూ కుండ పెట్టుకుంటాను" అంది.

"నీకా? నీవి బద్ధకపు చేతులే. పది రోజుల్లో చంపేస్తావు" అంది హత్సమ్మ.

ఫుమి పెళ్ళికూతురై, పొడుగు చేతుల పట్టు కిమోనో కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం హత్సమ్మ కుండ మూత తీసి చూస్తే, తవుడు ఒక పిడికెడు తగ్గి ఉంది. "ఓసి దొంగముఖమా!" అని గొమాని తిట్టి, మూడు రోజులు దానికి చేప పెట్టలేదు. పాపం గొమా మూడు రోజులూ గుమ్మంలో కూర్చుని మ్యావ్ మ్యావ్ అని ఏడ్చింది.

మూడేళ్ళు గడిచాయి. తల్లీకూతుళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. ఒక చలికాలం ఫుమి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. "అమ్మా, పాప పుట్టింది. పేరు మిత్సు. నూరోరోజు పండక్కి నువ్వు రావాలి. మా ఇంట్లో పెద్ద ఆడదిక్కు లేదు."

మనకి అన్నప్రాసన ఉందే, వాళ్ళకి నూరోరోజు పండగ. చిన్న పళ్ళెంలో ఐదు గిన్నెలు పెడతారు. ఎర్ర చిక్కుడు గింజలతో వండిన అన్నం, పులుసు, తలతో సహా కాల్చిన చేప, ఉడికించిన కూర, ఊరగాయ. పుట్టింది ఆడపిల్లయితే ఇంట్లో పెద్దావిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ పెదాలకి తాకిస్తుంది. తినిపించదు, ఊరికే తాకించడమే. హత్సమ్మ ఇంట్లో నాలుగు తరాల ఆడపిల్లల పెదాలకి తాకిన ఊరగాయ ఆ కుండలోదే.

హత్సమ్మకి నిద్రపట్టలేదు. వెళ్తే కుండ చచ్చిపోతుంది. వెళ్ళకపోతే మనవరాలి పళ్ళెంలో ఒక గిన్నె ఖాళీ. ఆ తర్వాత ఆవిడే నవ్వుకుంది. "నలభై ఏళ్ళుగా నన్ను ఇంట్లో కట్టేశావు. ఇప్పుడు నువ్వే నాతో నడువ్" అని కుండని గళ్ళ గుడ్డలో మూటకట్టి, వీపున వేసుకుని, గొమాని పక్కింటావిడకి అప్పజెప్పి బయల్దేరింది. అది పాప పుట్టాక తొంభై ఏడో రోజు.

మొదటి రోజు అడవి దారి. వసంతం వచ్చింది, వెదురు మొలకలు నేల చీల్చుకుని ముక్కులు బయటపెడుతున్నాయి. దారిలో ఒక సత్రం. సత్రం ఆవిడ లేత వెదురు మొలకలు తరిగి అన్నంలో వేసి వండింది. హత్సమ్మ మూడు గిన్నెలు తింది. తన ఊరగాయ తీసి ఆవిడకి పెట్టింది. ఆవిడ కరకర నమిలి, లోపలికెళ్ళి గుప్పెడు ఎండు మిరియాలు తెచ్చింది. వాళ్ళ మిరియాలు నాలిక మీద చిటపటమంటాయట.

"ఇవి నీ కుండలో వెయ్యి పెద్దమ్మా, ఘాటొస్తుంది. నాకో పిడికెడు తవుడు పెట్టవూ?" అని అడిగింది.

హత్సమ్మ మిరియాలు తీసుకుంది. తవుడు మాత్రం, "ముక్క అడిగితే ఇస్తాను, తవుడు అడిగితే ఇవ్వను" అంది.

రెండో రోజు ఏటి ఒడ్డు దారి. చెర్రీ చెట్లు పూసి, ఆకన్నది కనపడకుండా గులాబిరంగై ఉన్నాయి. చెట్ల కింద చిన్న టీ కొట్టు. కొట్టులో ముసలాయన ఉప్పులో ఊరేసిన చెర్రీ ఆకులో చుట్టి, లోపల తీపి పప్పు పెట్టిన బియ్యపు ఉండలు అమ్ముతున్నాడు. ఆకుతో సహా తినెయ్యాలట. హత్సమ్మ మొదట ఆకు వలిచి పారెయ్యబోతే ఆయన "అయ్యయ్యో!" అన్నాడు. ఆవిడ కొండమనిషి కదా, అలాంటివి ఎరగదు. తిన్నాక ఇంకో రెండు అడిగింది. హత్సమ్మ పెట్టిన ఊరగాయ ముక్క నమిలి, ఆయన ఎండబెట్టిన తునికి పండు తొక్కలు ఇచ్చాడు. తునికి పండంటే వాళ్ళది నారింజరంగులో ఇంతేసి ఉంటుందిలే.

"ఇవి కుండలో వేస్తే తీపొస్తుంది. నాకో పిడికెడు తవుడు ఇస్తారా?"

హత్సమ్మ తొక్కలు తీసుకుంది. "ముక్క అడిగితే ఇస్తాను, తవుడు అడిగితే ఇవ్వను" అంది.

మూడో రోజు పడవ దారి. పడవ నడిపే ఆవిడ గుల్లల చారు కాచి అందరికీ పోసింది. హత్సమ్మ ఊరగాయ రుచి చూసి, ఆవిడకి ఒక జానెడు సముద్రపు నాచు ఇచ్చి, "కుండలో వెయ్యండి, కమ్మగా ఉంటుంది. నాకో పిడికెడు..." అంటూ ఉండగానే హత్సమ్మకి విసుగొచ్చేసింది.

"ముక్క అడిగితే ఇస్తాను, తవుడు అడిగితే ఇవ్వను!" అని నాచు లోపల వేసి, ఇంకెవరూ తొంగిచూడకుండా మూత బిగించి, దాని మీద తాడు మూడు చుట్లు చుట్టి, కుండని ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చుంది.

తప్పు అక్కడే జరిగింది చిట్టీ. తీపి తొక్కలు పడ్డాయా, ఎండ తగిలిందా, గాలి ఆడకుండా మూత బిగిసిందా, మన ఇడ్లీ పిండి పొంగినట్టు లోపల తవుడు పొంగింది. పొంగి, పొంగి, రేవు కనపడే వేళకి...

ఠప్!

తాడు తెగింది. మూత గాల్లోకి లేచింది. పడవలో వాళ్ళంతా ఎగిరిపడ్డారు. హత్సమ్మ రెండు చేతులూ చాచి గబుక్కున మూత పట్టుకుంది. ఒళ్ళోని కుండ దొర్లుకుంటూ వెళ్ళి బుడుంగుమని సముద్రంలో మునిగిపోయింది.

తొంభై తొమ్మిదో రోజు సాయంత్రం ఫుమి తలుపు తీసేసరికి, గుమ్మంలో అమ్మ ఉంది, అమ్మ చేతిలో ఉత్త మూత ఉంది.

"మా అమ్మ చెయ్యీ పోయింది, అమ్మమ్మ చెయ్యీ పోయింది. నాలుగు తరాలది నేను సముద్రంలో పోశానే. పిల్లదాని పళ్ళెంలో ఏం పెడతాను?" అని హత్సమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది. మనవరాలిని ఎత్తుకోవడం కూడా మర్చిపోయింది.

ఫుమి ముఖం ఎర్రబడింది. కిమోనో అంచు నలుపుకుంది. అప్పుడు వంటింట్లోకి వెళ్ళి, నేల పలక ఒకటి ఎత్తి, కింద దాచిన చిన్న కుండ తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

హత్సమ్మ వంగి వాసన చూసింది. వేలు ముంచి నాలికకి రాసుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకోసారి రాసుకుంది.

"ఇది మా అమ్మ చెయ్యి" అంది. "ఎక్కడిదే నీకు?"

"కాజేశానమ్మా. పెళ్ళినాడు ఒక పిడికెడు తీసి, వెదురు పొరలో చుట్టి, కిమోనో చేతిలో దాచుకున్నాను. దారంతా తవుడు వాసనే. మీ అల్లుడు ముక్కు మూసుకుని నడిచాడు."

"మూడేళ్ళూ కలిపావా?"

"రోజూ. మిత్సు పుట్టిన రోజున మటుకు ఆయన కలిపాడు. నువ్వు తిడతావని ఉత్తరంలో రాయలేదు. ఇవాళ పొద్దున ఒక ముల్లంగి అందులో పెట్టాను, నీకు చూపించే ధైర్యం వస్తుందేమోనని."

హత్సమ్మ కూతురి చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో తవుడు ఇరుక్కుని ఉంది, అచ్చం తన గోళ్ళలో లాగే. "బద్ధకపు చేతులని ఎవత్తే అన్నదీ? దాని నోట్లో ఉప్పెయ్య" అని తనని తనే తిట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు, ఆ తర్వాత నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ హత్సమ్మ ఉలిక్కిపడింది.

"అయ్యో! గొమాకి మూడు రోజులు చేప పెట్టలేదే!"

మర్నాడు నూరోరోజు పండగ. పళ్ళెంలో ఐదు గిన్నెలూ నిండుగా ఉన్నాయి. హత్సమ్మ మిత్సుని ఒళ్ళో పెట్టుకుని అన్నం తాకించింది, పాప ఊరుకుంది. చేప తాకించింది, ఊరుకుంది. ముల్లంగి ముక్క తాకించగానే కళ్ళు చికిలించి, పెదాలు చప్పరించి, కిలకిలా నవ్వింది. "మన పిల్లే!" అంది హత్సమ్మ.

హత్సమ్మ అక్కడ నెల రోజులు ఉంది. ఫుమి ఇచ్చిన పిడికెడుకి కొత్త తవుడు చేర్చి, రోజూ కలిపి, కుండెడు చేసింది. కొత్త కుండ మీద పాత మూత సరిపోలేదు, అయినా అదే పెట్టింది. తిరిగి బయల్దేరింది.

పడవ నడిపే ఆవిడ ఎదుట కుండ మూత తీసింది. "ముక్క ఎందుకమ్మా, తవుడే తీసుకో" అంది. టీ కొట్టు ముసలాయన దగ్గర ఆగి, "తవుడే తీసుకో నాయనా" అంది. సత్రం ఆవిడకి అడక్కుండానే పిడికెడు పెట్టింది. ఇల్లు చేరగానే చెప్పులైనా విప్పకుండా పక్కింటావిడకి ఇంకో పిడికెడు ఇచ్చింది. "నా కుండ పోతే నీ కుండ ఉంటుంది. ఇక నేను ఊళ్ళు తిరుగుతాను వదినా. నేను లేనప్పుడు నాది కూడా నువ్వే కలుపు" అంది.

మరి గొమా? మూటలోంచి పెద్ద ఎండు చేప తీసి దాని ముందు పెట్టి, "తప్పు నాదే తల్లీ" అంది హత్సమ్మ. గొమా మూడు రోజులు వరసగా చేప తింది. నాలుగో రోజు కూడా కావాలని గుమ్మంలో కూర్చుంది.

పిడికెడు తవుడు ప్రతి ఇంటికి,
ఎండు చేప మన పిల్లికి,
కథ వెళ్ళింది కంచి దారికి,
కళ్ళు మూసుకో, నువ్వు నిద్రకి.