పుస్తకం కొలతల అంగీ

ఒకానొక రాజ్యంలో రాజధాని కొండ కింద ఉండేది, అంతకంటే పాతదైన ఊరు కొండ మీద ఉండేది. ఆ ఊరు మేఘగిరి. రాజు కీర్తిభూపాలుడు ఏడాదికోసారి కొండెక్కేవాడు. ఎక్కేవాడంటే, బోయీలు ఎక్కేవారు, ఆయన పల్లకీలో తెరలు దించుకుని నిద్రపోయేవాడు.

ఆ ఊరికి బయ్యమ్మ అనే ఆమె వచ్చింది. కొండ ఊళ్లూ పాత బజార్లూ కాలినడకన తిరిగి చూడటం ఆమెకు అలవాటు. నలభై దాటిన మనిషి. భుజాన మూట, చేతిలో కర్ర, నోట్లో మొహమాటం లేని మాట. "ఎందుకమ్మా ఈ తిరుగుడు?" అని ఎవరైనా అడిగితే "కాళ్లున్నాయి గనక" అనేది.

మేఘగిరిలో పాతపేట బజారుకు వీధంటే మెట్లే. ఈ అరుగుకూ ఆ అరుగుకూ మధ్య చేతులు బారజాపితే రెండు పక్కలా దుకాణాలు తగిలేవి. "బరువొస్తోంది!" అని కింద నుంచి కేక వినపడితే చాలు, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ గోడకు బల్లుల్లా అతుక్కుపోయి మూటలవాణ్ణి పైకి పోనిచ్చేవారు. ఒక మలుపులో తేనె మైనం వాసన, ఇంకో మలుపులో కంచరివాళ్ల సుత్తుల మోత. "నాలుగు రోజులుండి గాని కదలను" అనుకుంది బయ్యమ్మ.

సరిగ్గా అప్పుడే దండోరా మోగింది. నెల తిరిగేసరికి పాతపేట ఇళ్లూ దుకాణాలూ కూల్చి రాజవీధి వెయ్యాలట.

"ఇదేం పోయేకాలం?" అంటూ ఆమె పక్కనే ఉన్న దర్జీ హుస్సేనప్ప అరుగు మీద కూర్చుంది.

హుస్సేనప్ప సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు. "ఆస్థాన పండితుడు విశ్వపతిగారు మా ఊరి మీద పెద్ద పుస్తకం రాసినాడమ్మా. పాతపేటలో నాలుగు రథాలు పక్కపక్కన పోతాయంట. తామర కొలనుల్లో హంసలు తిరుగుతాయంట. అది చదివి పొరుగు రాజు చూడ్డానికి వస్తున్నాడు. ఈడ చూస్తే రెండు మేకలు పక్కపక్కన పోలేవు. పుస్తకం తప్పు కాదు, ఊరే తప్పు అన్నాడంట రాజు."

"రాసినాయన ఈ మెట్లెక్కాడా?"

"యాడ ఎక్కినాడు! కిందనుంచే రాసినాడు. కిందనుంచి చూస్తే మబ్బు తప్ప ఏముంది కనపడేది?"

"ఆ పుస్తకంలో రాజుగారి మాట ఏమన్నా ఉందా?"

"లేకుండా ఎట్లుంటాదమ్మా? మొదటి నూరు పద్యాలూ ఆయన మీదే కదా."

బయ్యమ్మ కర్ర తీసుకుని లేచింది. "కత్తెరకు పదును పెట్టించుకో, నాయనా. నువ్వు కుట్టాలి, నేను మాట్లాడాలి."

మర్నాడు ఆమె కొండ దిగి రాజధానికి వెళ్లి, కొలువులో దండం పెట్టి నిలబడింది. "ప్రభూ, పాతపేటవాళ్లు తమ ఇళ్లు తామే కూల్చుకుంటారు. దానికి ముందు, పొరుగు రాజు వచ్చిన రోజున తొడుక్కోవడానికి తమకొక జరీ అంగీ కుట్టి ఇవ్వాలని వాళ్ల కోరిక. అది తమకు సరిపోతే ఆ సాయంత్రమే గునపాలు పడతారు. సరిపోకపోతే మాత్రం వాళ్లను వదిలెయ్యాలి."

రాజు మీసం దువ్వాడు. "బాగానే ఉంది. కానీ దర్జీ మా ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు."

"అవసరమే లేదు ప్రభూ. పండితులవారి గ్రంథంలో తమ కొలతలన్నీ ఉన్నాయట." ఆమె పండితుడి వైపు తిరిగింది. "అందులో రాసిందంతా నిజమే కదండీ?"

"అక్షరం పొల్లుపోదు!" అన్నాడు విశ్వపతి.

"సభవారు విన్నారు. పదిరోజులు గడువిప్పించండి."

హుస్సేనప్ప బెంగపడ్డాడు. "తల పోతాదమ్మా!"

"ఇల్లు పోయాక తల ఎక్కడ పెట్టుకుంటావు? పద."

రాజుగారి రొమ్ము కోటతలుపంత వెడల్పని పుస్తకంలో ఉంది. హుస్సేనప్ప దారం పట్టుకుని కోటవాకిలికి వెళ్లాడు.

"ఏందిరా కొలుస్తున్నావు?" అన్నాడు కావలివాడు.

"రాజుగారి రొమ్ము, బాబూ."

కావలివాడు ఈటె పక్కకు పెట్టి, దారం రెండో కొస తనే పట్టుకున్నాడు.

రాజుది సింహం నడుమని రాసి ఉంది. ఆ చుట్టుపక్కల సింహాలు లేవు గనక, గుడి మెట్ల పక్కనున్న రాతి సింహం నడుముకు దారం చుట్టారు. చేతులు మోకాళ్లను తాకుతాయని ఉంది. దానికి తగ్గట్టే చేతులు కుట్టారు.

పదో రోజున నిండు కొలువులో రాజు అంగీ తొడుక్కున్నాడు.

ఆయన చేతులు కనిపించలేదు. అంగీ చేతులు మోకాళ్ల దగ్గర వేలాడాయి. రొమ్ము దగ్గర గుడారం లేచింది. నడుము దగ్గర మాత్రం ఇద్దరు సేవకులు చెరోవైపు లాగినా ముడి కలవలేదు. ప్రభువులవారి బొజ్జ ఎవరి మాటా వినేది కాదు. లాగుడుకు రాజు తూలి సింహాసనం మీద పడ్డాడు.

"ఎవడు కుట్టాడిది?" అని గర్జించాడు.

హుస్సేనప్ప కళ్లు మూసుకున్నాడు. బయ్యమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"అంగీలో ఏ తప్పూ లేదు ప్రభూ. పుస్తకంలో ఉన్నట్టే కుట్టారు. పుస్తకం తప్పు కాదని తమరే సెలవిచ్చారు. పాతపేటను పుస్తకానికి సరిపడా కత్తిరించమని ఆజ్ఞ కూడా అయింది. అంచేత ఇప్పుడు కూడా సరిచెయ్యవలసింది అంగీని కాదు..." అని ఆగి, రాజును కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

విశ్వపతి గబగబా ముందుకొచ్చాడు. "అయ్యయ్యో, అది వర్ణనమ్మా! ఏ రాజునైనా అట్లాగే రాస్తాం. నిజంగా ఏ మనిషి చేతులైనా మోకాళ్లను తాకుతాయా?"

"మరి ఆ నాలుగు రథాలో, పండితులవారూ?"

"ఏ ఊరినైనా... అట్లాగే రాస్తాం" అన్నాడు పండితుడు, నేల చూస్తూ.

రాజు అంగీ చేతులు పైకెత్తి చూసుకున్నాడు. అవి ఏనుగు తొండాల్లా ఊగాయి. ముందు ముక్కుతో నవ్వాడు, తరవాత బొజ్జతో నవ్వాడు, ఆ నవ్వుకు అంగీ వెనక కుట్టు పర్రున చిరిగింది. అప్పటికి గాని కొలువు నవ్వడానికి ధైర్యం చెయ్యలేదు.

"నా చేతులు బయటికి తీయండర్రా!" అన్నాడు. చేతులు బయటపడగానే ఆయన చేసిన మొదటి పని, కూల్చివేత ఆజ్ఞ చింపెయ్యడం. "మరి పొరుగు రాజుకు ఏం చూపించను, బయ్యమ్మా?"

"ఉన్న ఊరే చూపించండి. కాకపోతే పల్లకీ దిగి నడవండి. 'బరువొస్తోంది' అంటే మాత్రం ఇద్దరు రాజులూ గోడకు జరగాలి."

"జరుగుతాం!" అని రాజు మళ్లీ నవ్వాడు. హుస్సేనప్పకు అంగీలోని జరీ అంతా ఇప్పించాడు. బయ్యమ్మకు తన రాజ్యంలో ఏ కోటవాకిలీ మూసి ఉండకూడదని ముద్ర వేసిచ్చాడు. "ఇంకేమైనా కావాలా?"

"పండితులవారు ఒక్కసారి మెట్లెక్కాలి."

విశ్వపతి మర్నాడే బయలుదేరాడు. సగం దారిలో ఒక అరుగు మీద కూలబడి, మంచినీళ్లు తాగి, అక్కడే ఒక పద్యం రాశాడు. అందులో హంసలు లేవు, తామరలు లేవు. ఆయాసం ఉంది, అరికాళ్ల మంట ఉంది, మంచినీళ్లిచ్చిన కుంకుళ్ల దుకాణం అవ్వ ఉంది. ఆయన పద్యాలన్నిటిలో పాతపేటవాళ్లు నోటికి నేర్చుకున్నది అదొక్కటే.