హైరమ్ నెగ్గించుకున్న నిబంధనల కాగితం

అమెరికా ఈశాన్యపు కొండల నడుమ ఎల్డర్‌బ్రూక్ అనే చిన్న కళాశాలలో, తన మాట నెగ్గితే తప్ప ముద్ద దిగని హైరమ్ అనే విద్యార్థి ఉండేవాడు.

ఇది దాదాపు నూట యాభై ఏళ్ల కిందటి సంగతి. ఆ రోజుల్లో కళాశాలల్లో ఆటల మాస్టారు అంటూ ఎవరూ ఉండేవారు కాదు. అధ్యాపకుల లెక్కలో చదువంటే లాటిన్, గణితం, ప్రార్థన. బంతి వెంట పరుగెత్తడం పనీపాటా లేనివాళ్ల వ్యవహారం. అందుకని ఆటలన్నీ విద్యార్థులే నడుపుకునేవారు. మైదానంలో గడ్డి వాళ్లే కోసేవారు. గోలు కర్రలు వాళ్లే పాతేవారు. ఆట చొక్కాలు కూడా వంకరటింకరగా వాళ్లే కుట్టుకునేవారు. చేతులెత్తి ఓట్లు వేసి తమలో ఒకణ్ణి కెప్టెన్‌గా ఎన్నుకునేవారు.

ఇక నిబంధనలంటారా, ఎవరివి వాళ్లవే! ఒక కళాశాలలో బంతిని కాలితో మాత్రమే తన్నాలి. పక్క ఊరి కళాశాలలో చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు. ఒకచోట జట్టుకు పదిహేను మంది, ఇంకోచోట ఇరవై మంది. మరి రెండు కళాశాలలు కలిసి ఆడాలంటే ఎలా? ముందు ఇద్దరు కెప్టెన్లూ కూర్చుని, ఏ నిబంధనలతో ఆడాలో తేల్చుకోవాలి. చిక్కంతా అక్కడే వచ్చేది.

హైరమ్ ఎల్డర్‌బ్రూక్ జట్టుకు కెప్టెన్. ఆటలో దిట్ట. పనికి వెనకాడేవాడు కాదు. మైదానంలో రాళ్లు ఏరి, గుంటలు పూడ్చింది చాలావరకు అతనే. అతనికి ఒకే ఒక్క కోరిక ఉండేది. కళాశాల విడిచి వెళ్లేలోగా, బయటి జట్టుతో ఒక్కసారి ఆడాలి. ఇదే అతని ఆఖరి ఏడాది. చదువు కాగానే మేనమామ గారి కలప మిల్లులో పనికి వెళ్లిపోవాలి. అక్కడ దుంగలుంటాయి గాని బంతులుండవు.

ప్రిన్సిపాల్ ట్రస్కాట్ గారిని ఒప్పించడానికి అతనికి రెండేళ్లు పట్టింది. చివరికి ఆయన విసిగిపోయి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సరే. నవంబరులో ఒక్క శనివారం. రెండు గంటల నుంచి సాయంత్రం ప్రార్థన గంట దాకా. గంట ఆగాక ఎవరి కాలైనా ఆ బంతికి తగిలిందా, మీ గోలు కర్రలు నా పొయ్యిలోకి వెళతాయి. అర్థమైందా?"

"అర్థమైందండీ!" అన్నాడు హైరమ్. మెట్లు దిగలేదు, దూకాడు.

ఆ పూటే కార్‌వుడ్ కళాశాలకు ఉత్తరం రాశాడు. ఆడటానికి సంతోషమేనని జవాబు వచ్చింది. కాని వాళ్లు బంతిని చేత్తో ముట్టుకోరట. జట్టుకు పదిహేను మందేనట. హైరమ్ ఉత్తరం చదివి నుదురు కొట్టుకున్నాడు.

"చేత్తో ముట్టుకోకుండా ఆటేమిటి? వీళ్లకు దేవుడు చేతులెందుకిచ్చాడు, చెంచాలు పట్టుకోవడానికా?"

అతని స్నేహితుడు ఏమస్ జట్టుకు కార్యదర్శి. హైరమ్ చెబుతుంటే ఉత్తరాలు రాసేది అతనే. ఆ శరదృతువులో అటూ ఇటూ పదకొండు ఉత్తరాలు నడిచాయి. ఒక్క నిబంధనా తేలలేదు.

"సగం సేపు వాళ్ల పద్ధతిలో, సగం సేపు మన పద్ధతిలో ఆడితే సరిపోదా?" అన్నాడు ఏమస్, సిరా మరకల వేళ్లు విరుచుకుంటూ.

"సగం సగం ఏమిటిరా? మనది సరైన పద్ధతి. సరైనదాన్ని సగానికి కోస్తామా? నీకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది."

"నాకు రాసి రాసి చేతులు నొప్పి పుడుతున్నాయి. ఇంకో ఉత్తరం రాయించావంటే, చేత్తో పట్టుకోవడం మాట దేవుడెరుగు, కాలితో తన్నడానికి కూడా ఓపిక ఉండదు నాకు."

"వాళ్లు వచ్చాక ముఖాముఖి తేల్చుకుంటానులే," అన్నాడు హైరమ్.

ఆ శనివారం రానే వచ్చింది. ఎముకలు కొరికే చలి. కార్‌వుడ్ జట్టు మధ్యాహ్నం రైల్లో దిగింది. అంతా పదిహేను మందే. వాళ్ల కెప్టెన్ పేరు లూషియస్. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. హైరమ్ భోజనశాల నుంచి ఒక బల్ల తెప్పించి మైదానం అంచున వేయించాడు. బల్ల మీద కాగితాలు, కలం, సిరాబుడ్డి. ఎండ కళ్లలో పడకుండా మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. లూషియస్ ఎదురుగా కూర్చున్నాడు.

"మొదటి నిబంధన," అన్నాడు హైరమ్. "జట్టుకు ఇరవై మంది."

"మేము వచ్చిందే పదిహేను మందిమి. మిగతా ఐదుగురిని ఎక్కణ్ణుంచి తేమంటారు?"

"అది మీరు రైలెక్కే ముందు ఆలోచించుకోవలసింది."

ఒక్క అంకె మీద అరగంట గడిచింది. తరువాత బంతి గురించి మొదలైంది. గాలి ఎంత నింపాలి? చేత్తో పట్టుకుని ఎంత దూరం పరుగెత్తాలి? పట్టుకున్నవాణ్ణి చొక్కా పట్టి లాగవచ్చా, నడుము పట్టి లాగాలా? హైరమ్ దేనికీ తగ్గలేదు.

ఏమస్ వచ్చాడు. "ఒరేయ్ హైరమ్, కుర్రాళ్లు చలికి వణికిపోతున్నారు. మొదలుపెడదామా?"

"ఇంకా నాలుగో నిబంధనలోనే ఉన్నాం. ఆగమను."

కాసేపటికి ఏమస్ మళ్లీ వచ్చాడు. "వాళ్లూ మనవాళ్లూ కలిసి ఏదో ఒకటి ఆడుకుంటామంటున్నారు. నువ్వూ రా."

"ఏదో ఒకటి ఆడుకోవడానికా నేను రెండేళ్లు తిరిగాను? ఒళ్లు వేడెక్కడానికి కావాలంటే గంతులు వేసుకోమను!"

మూడోసారి ఏమస్ మోకాళ్ల దాకా బురదతో, రొప్పుతూ వచ్చాడు. "హైరమ్, ఆఖరిసారి పిలుస్తున్నాను. వస్తావా, రావా?"

"ముందు ఆ కేకలు ఆపించు! ఆ గోలలో నా మాట నాకే వినబడటం లేదు. ఇక్కడ ఎంత ముఖ్యమైన పని జరుగుతోందో మీకెవరికీ పట్టదే!"

ఏమస్ వచ్చినదారినే పరుగెత్తాడు.

లూషియస్ ముఖం మైదానం వైపే ఉంది కదా. అతని చూపు హైరమ్ భుజం మీదుగా ఎక్కడికో పోతోంది. ఉన్నట్టుండి కుర్చీలో నుంచి సగం లేచి, "అబ్బ, కొంచెంలో తప్పింది!" అన్నాడు.

"ఏం తప్పింది? తొమ్మిదో నిబంధన నేను చాలా స్పష్టంగా చదివానే," అన్నాడు హైరమ్.

లూషియస్ నవ్వాపుకుంటూ కోటు విప్పాడు. "అన్నీ మీ ఇష్టమేనండీ. ఇరవై మందినే రాసుకోండి. నడుమే పట్టుకుందాం. ఎక్కడ సంతకం పెట్టాలి?"

హైరమ్‌కు ఒళ్లు పులకరించింది. పదకొండు ఉత్తరాలతో కానిది ఈ పూట అయింది! లూషియస్ గబగబా సంతకం గీకి, ఒక్క ఉదుటున పరుగెత్తాడు. తన జట్టును కూడగట్టడానికి వెళ్లాడనుకున్నాడు హైరమ్. రెండో ప్రతి కూడా ఉంటే మంచిదని, కుదురుగా కూర్చుని మొత్తం పన్నెండు నిబంధనలూ గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. అప్పుడు లేచి, కాగితాలు రెండు చేతులా పట్టుకుని, మైదానం వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే ప్రార్థన గంట మోగడం మొదలైంది.

మైదానం నిండా బురద బొమ్మల్లాంటి మనుషులు. ఎవరు ఏ కళాశాలో గుర్తు పట్టడానికి లేదు. ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని నవ్వుతున్నారు. లూషియస్ ముక్కు మీద కూడా బురదే.

"మూడు గోలులకు మూడు! సరిసమానం!" అని అరిచాడు ఏమస్.

"ఆడేశారా?" అన్నాడు హైరమ్. "ఏ నిబంధనల ప్రకారం?"

"చేత్తో పట్టుకోవచ్చు, మూడడుగులు వేశాక తన్నెయ్యాలి అనుకున్నాం. లూషియస్ వచ్చేదాకా అటూ ఇటూ పద్నాలుగేసి మందిమి, తరువాత పదిహేనేసి. మిగిలినవాళ్లు వంతులవారీగా దిగారు. మాట్లాడుకోవడానికి రెండు నిమిషాలు పట్టిందంతే."

"కెప్టెన్ లేకుండా ఎలా మొదలుపెట్టార్రా?"

"మూడుసార్లు పిలిచానుగా, హైరమ్."

కంచె దగ్గర దగ్గు వినబడింది. ప్రిన్సిపాల్ ట్రస్కాట్ నిలబడి ఉన్నాడు. గంట వేళకు ఆట ఆపించడానికి తానే స్వయంగా ముందే వచ్చినవాడు, ఆట చూస్తూ అక్కడే ఉండిపోయాడు. ఆయన టోపీ కంచెకు అవతల గడ్డిలో పడి ఉంది. అది పడిపోయిన సంగతి ఆయన ఇంకా గమనించలేదు.

"ఇందులో మరీ అంత చెడు ఏమీ కనబడలేదు నాకు," అన్నాడాయన. "వచ్చే ఏడు మళ్లీ పెట్టుకోండి."

అందరూ కేరింతలు కొట్టారు. వచ్చే ఏడు తాను కలప మిల్లులో ఉంటానని హైరమ్ ఒక్కడికే గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్ అతని వైపు తిరిగి, తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"రెండేళ్లు నా ప్రాణం తీసింది నువ్వే కదయ్యా? నీ చొక్కా ఇంత తెల్లగా ఉందేం? నువ్వు ఆడలేదా?"

హైరమ్ చేతిలో పన్నెండు నిబంధనలు ఉన్నాయి. వాటిని తెల్ల చొక్కాకు అడ్డం పెట్టుకున్నాడు.

అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. బంతి దొర్లి వచ్చి అతని కాళ్ల దగ్గర ఆగింది. ఒక్కసారి తన్నుదామని కాలు ఎత్తాడు. అప్పటికే గంట ఆగిపోయింది. తాను పాతిన గోలు కర్రల వంక చూశాడు. కాలు మెల్లగా కింద పెట్టాడు. బంతిని చేత్తో తీసి, కాగితాలతో దాని బురద తుడిచి, వచ్చే ఏటి కోసం జాగ్రత్తగా లోపల పెట్టి వచ్చాడు.

పిల్లలూ, హైరమ్ వాదన నెగ్గింది, ఆట మాత్రం చేజారింది. మన మాటే నెగ్గాలని పంతం పట్టి కూర్చుంటే, ఏ సంతోషం కోసం ఆ పని మొదలుపెట్టామో ఆ సంతోషమే మనకు దక్కకుండా పోతుంది. ఇదే ఈ కథలోని నీతి.