బోర్లించిన రిపోర్టు

డాక్టర్ రత్నం గారికి ఒక అలవాటుంది. ల్యాబు నుంచి రిపోర్టు రాగానే దాన్ని బల్లమీద బోర్లించి, కళ్లజోడు దానిమీద పెట్టి, ఎదుట ఉన్న మనిషితో కబుర్లు మొదలెడతారు. మీదే ఊరు, ఇంట్లో ఎవరెవరు, ఏం పని చేస్తారు... బయట యాభై మంది వరసలో ఉన్నా సరే, ఆయన కబుర్లు ఆయనవే. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న వకుళకి అదంతా వట్టి చాదస్తంగా తోచేది. జవాబు చేతిలో పెట్టుకుని ఈ ప్రశ్నలేమిటని లోలోపల విసుక్కునేది.

ఆ రోజు శుక్లాల ఆపరేషన్ కోసం అరవై ఏళ్ల ఆవిడ వచ్చింది. ఆపరేషన్‌కి ముందు అందరికీ చేసే రక్తపరీక్షలో ఆమెకి హెచ్ఐవీ ఉన్నట్టు వచ్చింది. రత్నం గారు మామూలుగానే కాగితం బోర్లించారు. ఆమెని లోపలికి పిలవకముందే వకుళ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నూటికి తొంభై ఎనిమిది సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష సార్ ఇది. ఆవిడకి జబ్బు ఉన్నట్టే కదా. ఇంకా ఊరి పేరుతో మనకేం పని?"

ఆయన వాదించలేదు. తన దివిసీమ రోజుల సంగతి ఎత్తారు.

అప్పటికి ఆయనకి వకుళ వయసే. చిన్న ఆస్పత్రి, కొత్త ఉద్యోగం, అప్పుడప్పుడే వచ్చిన పరీక్ష కిట్లు. ఊరూరా తిరిగి వెయ్యి మంది తల్లులకి పరీక్ష చేస్తే ఇరవై రెండు మందికి జబ్బు ఉందని వచ్చింది. వాళ్లలో నాంచారు ఒకతె. రొయ్యలు ఎండబెట్టి అమ్ముకునే పిల్ల, చంకలో రెండు నెలల పాప. తల్లిపాలతో జబ్బు బిడ్డకి పాకుతుందని ఆ రోజుల్లో పాలు మాన్పించేవారు. ఈయనా అదే చెప్పారు. ఖాయం చేసుకోవడానికి రక్తం పట్నం పంపారు గానీ, ఆ జవాబు వచ్చేదాకా ఆగుదామన్న ఆలోచనే రాలేదు. చేతిలో కాగితం ఉంటే ఇంక అనుమానమెందుకు?

నాంచారు అత్తగారు మల్లెపూలు తెచ్చి ఆమె రొమ్ములకి కట్టింది. పాలు ఎండడానికి మనవాళ్లు చేసేదే అది. నాలుగు రోజుల్లో పాలు ఎండిపోయాయి. పాపకి సీసా పాలు పట్టారు, కాలవ నీళ్లు కలిపి. విరేచనాలు పట్టుకున్నాయి. పదహారో రోజున పాప పోయింది.

పట్నం నుంచి కాగితాలు ఆ తరవాత వారానికి వచ్చాయి. ఇరవై రెండు మందిలో జబ్బున్నది ఇద్దరికే. జబ్బు లేని మిగతా తొమ్మిది వందల తొంభై ఎనిమిది మంది తల్లుల్లో నూటికి ఇద్దరి చొప్పున కిట్టు పొరపాటు పడింది, వాళ్లే ఆ ఇరవై మంది. జబ్బు అంత అరుదైన ఊళ్లలో, కిట్టు 'ఉంది' అన్న మాట నిజం కావడం కంటే తప్పు కావడమే ఎక్కువ. నాంచారు ఆ ఇరవైలో మనిషి.

ఆ మాట చెప్పడానికి ఆయనే వెళ్లారు. తిడుతుందనుకున్నారు, కొట్టినా పడదామనుకున్నారు. ఆమె ఎండలో రొయ్యలు తిరగేస్తూ అంతా వింది. విని ఒక్కటే అడిగింది.

"అయితే నా పాలు మంచివేనా బాబూ?"

తలుపు అవతల ఆ పెద్దావిడ చూపు ఆనక, కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ కూర్చుని ఉంది. మీరేం చెప్పారు సార్ అని వకుళ అడిగింది.

"మంచివేనమ్మా అన్నాను. ఇంకేం అనను?" రత్నం గారు కాగితం మీది కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. "కిట్టు నన్ను మోసం చెయ్యలేదు వకుళా. నూటికి రెండు తప్పుతానని డబ్బా మీద రాసుకునే వచ్చింది."

కాగితాన్ని మాత్రం ఆయన తిప్పలేదు.

"వెళ్లు, రెండో పరీక్షకి రక్తం తీసుకో. తీసేటప్పుడు, ఏ ఊరో అడుగు."