మెట్ల కాలువ

కొండ మీది ఊట నుంచి దిగువ మడుగుకు నీళ్ళు తేవడానికి ఏదుపంది అవ్వ మూడు వేసవులు కష్టపడి కాలువ తవ్వింది. వాలు పొడవునా పన్నెండు మెట్లు తీసి, ఒక్కో మెట్టుకు ఒక బండ దొర్లించి పెట్టింది. నీళ్ళు మెట్టు మెట్టుకూ పడి, నురగలు కక్కి, అలసిపోయి మడుగులోకి చేరేవి. అప్పటి నుంచి మడుగు గట్టు తెగింది లేదు. కుందేళ్ళ దగ్గర్నుంచి కొంగల దాకా అందరూ ఆ నీళ్ళు తాగే ముందు అవ్వను తలచుకునేవారు.

నక్కకు మాత్రం గట్టు తెగాలని ఆశ. తెగితే చేపలన్నీ పల్లంలోకి వచ్చి పడతాయి, ఏరుకోవడమే తరువాయి. అందుకని అడవిపంది దగ్గరికి వెళ్ళింది.

"మామా, నీ బురదగుంట ఎండిపోతోందే. నీళ్ళన్నీ ఆ బండల దగ్గరే ఆగిపోతుంటే నీ దాకా ఏం వస్తాయి? వాటిని పీకెయ్. ఉరుక్కుంటూ వస్తాయి."

పంది వెళ్ళి అవ్వను అడిగింది.

"ఆగట్లేదు నాయనా, నెమ్మదిస్తున్నాయి" అంది అవ్వ. "పైన ఎన్ని బయల్దేరాయో అన్నీ దిగుతాయి. వాటి దూకుడు బండల మీద చావకపోతే మన గట్టు మీద పడుతుంది. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు."

పంది తల ఊపింది కానీ, నక్క మాటే చెవిలో మిగిలింది. మర్నాడు పై నుంచి ఏడు బండలు పెళ్ళగించింది. మూతి వాచిపోయి, ఇక నావల్ల కాదని వెళ్ళి పడుకుంది.

మిగతావి తానే పీకుదామని నక్క ఎనిమిదో బండ కింద మట్టి గోకుతుండగా కొండ మీద వాన దంచింది. బండలు లేని పై వాలులో నీళ్ళు ఏనుగుల మందలా దిగి నక్కను ఎత్తుకుపోయాయి. ఎనిమిదో మెట్టు మీంచి దబ్బున కింద పడేశాయి. తొమ్మిది, పది దాటేసరికి ఊపు తగ్గింది. పన్నెండో మెట్టు దగ్గర నక్క కాళ్ళు నేలకు ఆనాయి. అవ్వ కొమ్మ అందించి ఒడ్డుకు లాగింది. గట్టు నిలిచింది.

నక్క వణుకుతూ చెప్పింది. "పందితో పీకించింది నేనే అవ్వా. గట్టు తెగాలనుకున్నాను. నువ్వు కట్టిన ఆ అయిదు మెట్లే లేకపోతే ఈపాటికి నేను లేను."

"ముందు ఒళ్ళు ఆరబెట్టుకో" అంది అవ్వ.

వాన వెలిశాక నక్క, పంది కలిసి ఏడు బండలూ దొర్లించుకొచ్చాయి. ఒక్కో బండ కుదురుకున్నప్పుడల్లా నక్క దాని మీద తల ఆనించి దండం పెట్టింది.

అడ్డమనిపించేదల్లా ఆటంకం కాదు. మన దూకుడును తగ్గించేదే ఒక్కోసారి మన ప్రాణం కాస్తుంది.