బొచ్చు రాలని కుక్క

ఈ ఉదయం మీ వీధిలో ఒక కుక్కను చూశారు కదా, ఏం చూశారో చెప్పండి. రంగు చెప్పకండి. తోక వంకర చెప్పకండి. ఏ దేశపు జాతో, ఎవరింటిదో అసలే చెప్పకండి. అవన్నీ తీసేశాక ఇంకేమైనా మిగిలితే అది చెప్పండి.

సన్యాసయ్యగారు తన దగ్గరికి వచ్చిన ప్రతివాణ్నీ ఇలాగే నిలదీసేవారు. "ఏటి చూసేవు?" అన్నది ఆయన ఊతపదం. పేరుకే సన్యాసి, ముగ్గురు పిల్లల తండ్రి. కొండమీద గుడిలో యాత్రికులకు ముప్ఫై ఏళ్ళు గుండ్లు చేసిన మనిషి. షావుకారు తలా, కూలివాడి తలా నీళ్ళతో తడిపాక ఒకటేనని పుస్తకం తిరగెయ్యకుండా వేళ్ళతో తెలుసుకున్నవాడు. ఆయన దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నవాళ్ళలో నేనొకణ్ని, సూరిబాబు ఒకడు. ఆయన ప్రశ్నకు మాత్రం మా ఇద్దరికీ ఏనాడూ సరైన జవాబు తోచలేదు.

ముసలితనంలో ఆయన కొండ దిగి, విశాఖలో సూరిబాబు కొట్లో కూర్చునేవారు. అది మనుషుల కొట్టు కాదు. సముద్రం వైపు అపార్ట్‌మెంట్లు లేచాక, కుక్కలకు స్నానం చేయించి బొచ్చు కత్తిరించే కొట్టు పెట్టాడు సూరిబాబు. "మనుషుల గడ్డాలు అయిపోయాయా బావా?" అని మావాళ్ళు నవ్వారు. నవ్వనీ. ఆ కొట్టే వాడి ఇంటికి అన్నం. అయితే ఆ అపార్ట్‌మెంట్లన్నీ ఒకే ఫోన్ గ్రూపులో ఉంటాయి. ఒక్క చెడ్డమాట పాకిందంటే తలుపు మూసుకోవాల్సిందే.

ఒకరోజు నేను వెళ్ళేసరికి వాడి బల్లమీద పెద్ద కుక్క ఒకటి నిలబడి ఉంది. మీగడ రంగు, ఒళ్ళంతా ఉంగరాల బొచ్చు.

"ల్యాబ్రడార్‌కీ పూడుల్‌కీ కలిపి పుట్టించారు గురువుగారూ. ల్యాబ్రడూడుల్ అంటారు."

"తినేదా, పెంచేదా?" అన్నారు సన్యాసయ్యగారు.

సూరిబాబు నవ్వాడు కానీ వాడి మనసులో చాలారోజులుగా ఒక ప్రశ్న ఉంది. "ఇదివరకు డబ్బున్నవాళ్ళు అచ్చమైన జాతికుక్క అంటే పడిచచ్చేవారు. దాని తాతముత్తాతల పేర్లతో కాగితాలుండేవి. ఇప్పుడు రెండు జాతులు కలిసిందే కావాలంటున్నారు. పాతవాటికి ఏం తక్కువైంది?"

"దీన్ని తెచ్చుకున్నావిడ ఏటంది?"

"వాళ్ళ అత్తగారికి ఆయాసమట. ల్యాబ్ మంచిదే కానీ ఇల్లంతా బొచ్చు రాలుస్తుంది. పూడుల్‌కి రాలదు. రెండింటి మంచీ దీనికొచ్చిందని అమ్మినవాళ్ళు చెప్పారట. ఆపైన..."

"ఊఁ, ఆపైన?"

"వాళ్ళ అపార్ట్‌మెంట్లో ల్యాబులు ఆరున్నాయట. ఇలాంటిది ఇదొక్కటేనట."

"ముందు బొచ్చు తియ్యి. తర్వాత మాటాడుకుందాం."

రాలని బొచ్చు ఎక్కడికి పోతుంది? పెరుగుతుంది. రోజూ దువ్వే చెయ్యి లేకపోతే జడలు కడుతుంది. పైకి ఉంగరాలు ముద్దుగానే ఉన్నాయి. వేలు పెడితే దిగలేదు, లోపలంతా అట్టకట్టి ఉంది. సూరిబాబు ఆవిడకు ఫోన్ చేశాడు. "విప్పలేమండీ, మొత్తం తీసెయ్యాలి" అన్నాడు. ఆవిడ ఏదో మీటింగులో ఉంది. "సరే సరే, ఏదోకటి చెయ్యండి" అని పెట్టేసింది.

రెండు గంటలు పట్టింది. బొచ్చంతా గొంగళిలా ఒకే ముక్కగా ఊడివచ్చింది. అందులోంచి ఒక బక్కకుక్క బయటపడింది. సన్నటి మూతి, ఎలకతోక, లెక్కపెట్టగలిగే పక్కటెముకలు. చేపల రేవులో తిరిగే కుక్కకూ దీనికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను. అది మాత్రం ఒళ్ళు విదిలించుకుని, ఎన్నాళ్ళ దురదో వదిలినట్టు కొట్టంతా పరుగులు తీసింది.

సాయంత్రం వాకిట్లో స్కూటర్ ఆగింది. హెల్మెట్, దాని కింద ముఖమంతా చుట్టిన చున్నీ, నల్లకళ్ళద్దాలు, ఎండకు చేతులకు తొడుగులు. మన ఊళ్ళల్లో ఆడపిల్లలు బండెక్కితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు కదా, అలా ఒక మనిషి లోపలికి వచ్చింది.

"ఎవరండీ, ఏం కావాలి?" అన్నాడు సూరిబాబు.

ఆవిడ నోరు తెరవకముందే కుక్క ఒక్క గెంతు గెంతింది. తోకతోపాటు నడుమూ ఊపుతూ, చిన్నగా మూలుగుతూ ఆవిడ కాళ్ళకు చుట్టుకుపోయింది.

ఆవిడ కాలితో దాన్ని పక్కకు నెట్టి, హెల్మెట్ తీసి, చున్నీ విప్పింది. "మా కుకీ ఏదీ?"

"మీ కాళ్ళ దగ్గరే ఉందండీ."

ఆవిడ కిందికి చూసి అడుగు వెనక్కి వేసింది. "ఇదా? వేళాకోళంగా ఉందా? మా కుకీ ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఈ వీధికుక్కను నాకు అంటగట్టి మాదాన్ని ఎక్కడికి దాటించావు?"

"పొద్దున ఫోన్లో చెప్పాను కదమ్మా... ఇదిగో, దాని మెడపట్టీ..."

"పట్టీ ఏ మెడకైనా కట్టొచ్చు. దొంగవేషాలు! నీ ఫోటోతో సహా ఇప్పుడే గ్రూపులో పెడతాను." ఫోన్ పైకెత్తింది.

కత్తి పట్టినవాడికి మెడ అప్పగించి కళ్ళు మూసుకునే లోకమే ఇది. పని అయ్యాక వాణ్నే దొంగ అనడానికి ఒక్క క్షణం పట్టదు. నాకు ఒళ్ళు మండింది, లేవబోయాను. సన్యాసయ్యగారు నా భుజం నొక్కి తానే లేచారు.

"తల్లీ, ఒక్క మాట. ఇందాక మీరు ముసుగుతో వచ్చారు. మావాడు ఎవరండీ అన్నాడు. నేనూ పోల్చలేదు. ఈ గదిలో మిమ్మల్ని పోల్చుకున్నది ఎవరు?"

కుక్క ఆవిడ చెప్పుమీద గడ్డం ఆనించి పడుకుంది. పైకెత్తిన ఫోన్ మెల్లగా దిగింది. ఆవిడ వంగి, దాని చెవి వెనక చూసింది. అక్కడ చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

"ఇది ఎప్పటినుంచి?"

"చాలా రోజులైందండీ. బొచ్చు కింద మీకు కనబడలేదు" అన్నాడు సూరిబాబు.

ఆవిడ దాని చెవిని కాసేపు చేత్తో పట్టుకుని ఉంది. తర్వాత, "బొచ్చు మళ్ళీ ఎన్నాళ్ళకొస్తుంది?" అంది.

"మూణ్ణెల్లు."

ఆవిడ వీధివైపు చూసింది. చేతిలోని చున్నీతో కుక్కను తలనుంచి తోకదాకా చుట్టి, స్కూటర్ మీద కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుంది. ముఖానికి ఏ ముసుగూ లేకుండా బండి తీసింది.

సూరిబాబు ఊపిరి పీల్చుకుని, గోడకు చేరగిలబడ్డాడు. "పాతవాటికి ఏం తక్కువైందన్న నా ప్రశ్న అలాగే ఉండిపోయింది గురువుగారూ."

సన్యాసయ్యగారు నేలమీది మీగడరంగు కుప్పను చీపురుతో వాడి ముందుకు తోశారు. "ఆవిడ ఇష్టపడి తెచ్చుకున్నది ఇదిగో. ఆవిడకు దొరికింది ఆ బండిమీద పోతోంది."

"మరి పాతకాలంలో జాతికుక్కలు తెచ్చుకున్నవాళ్ళు?"

"వాళ్ళ కుప్ప కాగితాలది." చీపురు మూల పెట్టేసి, స్కూటర్ పోయినవైపు చెయ్యి చూపారు. "అది సరే, ఇప్పుడు ఏటి చూసేవు?"

సూరిబాబూ నేనూ గుమ్మం దాకా వెళ్ళి చూశాం. అది వైశాఖమాసం, చలి లేదు. అయితే అప్పుడే గొరిగిన ఒంటికి సముద్రపు గాలి తగిలితే వణుకు పుడుతుందని ఈ పని చేసే మాకు తెలుసు. ఆవిడకు తెలుసో లేదో మాకు తెలియదు. ఎదురుగా ఆ గ్రూపువాళ్ళ అపార్ట్‌మెంట్ల కిటికీలన్నీ వీధివైపు తెరిచే ఉన్నాయి.

మీరూ చూశారు కదా. ఆవిడ ఆ చున్నీ ఎందుకు చుట్టింది?