మోనప్ప సామి పంచె

ఉరుకుందు తుపాకి తెచ్చి కొలిమి పక్కన పెట్టి, "దీన్ని సాగగొట్టి కొడవళ్ళు చేసెయ్యండి సామీ" అన్నాడు.

మోనప్ప సామి ఆదోని దిక్కున కొండకింది పల్లెలో కమ్మరి. పగలంతా నాగలి కర్రులు సాగగొట్టేవాడు. పొద్దు వాలాక నలుగురు శిష్యులను కూర్చోబెట్టుకుని తత్వం చెప్పేవాడు. చెప్పేవాడని పేరే గానీ, తిత్తి ఊదమని పురమాయించి తను మాట్లాడకుండా ఊరుకున్న రోజులే ఎక్కువ.

ఆ శిష్యుల్లో ఒకడైన ఉరుకుందుకు నలభై ఏళ్ళుంటాయి. వేట అతనికి తాత ముత్తాతల నుంచి వచ్చిన విద్య. ఆ తుపాకి మాత్రం తండ్రి సంపాదించినది. ఎవరో దొర కొండలు చూడవచ్చి, దారి చూపించినందుకు ఇచ్చిపోయాడట. మూతి లోంచి మందు పోసి, నూనె గుడ్డలో గుండు పెట్టి, గజం అనే కడ్డీతో అడుగుకంటా దించి కాల్చే రకం. గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి కాబట్టి నాటు తుపాకుల కన్నా దీని గురి నిలకడ. వంద అడుగుల దూరాన టెంకాయ పెట్టి కాలిస్తే పగలాల్సిందే.

"ఎందుకు, ఏమైంది దీనికి?" అన్నాడు మోనప్ప.

"దానికేం కాలేదు సామీ. నాకే అయింది."

అయిన సంగతి ఊరందరికీ తెలుసు. కార్తీకంలో ఒక చిరుతపులి గొర్రెల మందలమీద పడటం మొదలుపెట్టింది. గొర్రెల కాపరి బీరప్ప వచ్చి ఉరుకుందును పిలుచుకుపోయాడు. పొద్దుగూకే వేళ చిరుత మంద దగ్గరికి వచ్చింది. ఉరుకుందు కాల్చాడు. నలభై అడుగుల్లో ఉన్న జంతువుకు గుండు తగల్లేదు. బెదిరిన చిరుత అడ్డంగా ఉన్న బీరప్ప మీద పడి, అతని కుడిచెయ్యి నమిలి పోయింది. బీరప్ప బతికాడు గానీ, మోచేతి కింద ఆ చెయ్యి ఇంక పనికి రాదు. ఇప్పుడు చిరుత మళ్ళీ వస్తోంది. మొన్న రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది. ఎవరిని పిలుద్దామని కాపరులు తర్జనభర్జన పడుతుంటే, ఉరుకుందునే పిలవమని బీరప్పే చెప్పాడు. రేపు సాయంత్రానికి రమ్మని కబురు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు తుపాకిని తిట్టేవాళ్ళు లోకంలో కావలసినంత మంది. ఉరుకుందు ఆ పని చెయ్యలేదు. తప్పంతా తన మనసు మీద వేసుకున్నాడు. లోపల మలినం ఉంది కాబట్టే గుండు పక్కకు పోయిందని నిశ్చయించుకున్నాడు. ఇరవై ఒక్క రోజులు ఒంటిపూట సంగటి తిని, కటికనేల మీద పడుకున్నాడు. కల్లు మానేశాడు. పెండ్లానితో మాట కూడా తగ్గించాడు. ఆ తర్వాత పాత తలుపుచెక్కకు సున్నపు బొట్టు పెట్టి కాల్చి చూశాడు. గుండు ఒకటి ఎడమకు, ఒకటి కిందికి, ఒకటి ఆ దేవుడికే తెలిసిన చోటికి పోయాయి.

"మందెంత పోస్తివి?" అని అడిగాడు మోనప్ప, అంతా విని.

"మొదట ఒక మూతెడు. తప్పినాక మూతెడున్నర. మళ్ళా తగ్గిస్తిని."

"గుండు?"

"అదీ మార్చి చూస్తిని సామీ. నిలబడే తీరు కూడా మార్చితిని."

"ఇన్ని మార్చితే, ఏది చెడ్డదో నీకెవరు చెప్తారురా?" అని సుత్తి పక్కన పెట్టి లేచాడు. "తలుపుచెక్క యాడుంది?"

చెక్క ఊరి వెనక వంకలో ఉంది. అరవై అడుగుల దూరాన ఇసుకలో నిలబెట్టారు. ఉరుకుందు మందు పోసి, గుండు దించి, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చి పెదవులు కదిలించసాగాడు.

"కండ్లు మూసుకొని ఎవర్ని కాలుస్తావురా?"

"మిమ్మల్ని తలుచుకుంటాండా సామీ."

"నన్ను తర్వాత తలుచుకుందువు. ముందు ఆ చెక్కను చూడు."

ఒకే కొలత మందు, ఒకే రకం గుండ్లు పెట్టించి అయిదుసార్లు కాల్పించాడు. ప్రతిసారీ గొట్టం లోపలి మసి తుడిపించాడు. మూడు గుండ్లు చెక్కలో తలో మూలకు తగిలాయి. రెండు అసలు తగలనే లేదు. ఉరుకుందు తల వంచుకున్నాడు. అతనికి నిజంగానే చచ్చిపోవాలన్నంత సిగ్గుగా ఉంది.

"చూసినారు కదా సామీ నా మనసు."

మోనప్ప చెక్క దగ్గరికి పోలేదు. పది పదిహేను అడుగులు ముందుకు పోయి, గడ్డిలోనూ ఇసుకలోనూ వంగి, సూది పారేసుకున్న ముసలమ్మలాగా వెతకసాగాడు. కాసేపటికి నల్లటి గుడ్డపేలికలు నాలుగు ఏరుకొచ్చి రాతి మీద పరిచాడు. గుండుకు చుట్టి దించితే, దాంతోపాటు బయటికి వచ్చి పడే పేలికలవి. ఎవరూ వాటిని తిరిగి చూడరు. నాలుగింటికీ నడుమ కాలిన బొక్క ఉంది. మోనప్ప ఒకదాంట్లో తన చిటికెన వేలు పెట్టి చూపించాడు.

"మంట గుండు వెనకాల నిలబడల్ల. దీంట్లోంచి దూరి ముందుకే పోతాంది. గుడ్డ గాడుల్ని పట్టుకుంటే కదా గుండు తిన్నగా పోయేది?"

మోనప్ప ఇంకో పేలిక తీసి వెలుతురుకు పట్టి చూశాడు. దాని అంచున ఆకుపచ్చ గీత ఒకటి కాలకుండా మిగిలింది.

"ఇది నా పంచె కదరా."

పోయిన శివరాత్రికి ఉరుకుందు గురువుగారి పాత పంచె అడిగి తీసుకున్నాడు. పూజలో పెట్టుకుంటాడేమో అనుకుని మోనప్ప ఇచ్చేశాడు. ఏడేండ్లు కొలిమి దగ్గర కట్టి, నిప్పురవ్వలు పడి, ఉతికీ ఉతికీ సాలెగూడులా పలచబడిన పంచె అది.

"చిరుత వచ్చినాక, గుండు గుండుకూ మీ ఆశీర్వాదం ఉంటుందని చింపి పెట్టుకుంటిని సామీ," అన్నాడు ఉరుకుందు. "దాంతో మొదట కాల్చింది చిరుతనే."

"అంతకు ముందు ఏం గుడ్డ పెట్టేవాడివి?"

"మా నాయన మాదిరి. కొత్త ముతక గుడ్డ."

మోనప్ప ఇసుకలో కూర్చున్నాడు. ఉరుకుందు తిట్టు కోసం కాచుకున్నాడు గానీ తిట్టు రాలేదు. ముసలాయన ముఖంలో కోపం లేదు. తను కట్టి విడిచిన గుడ్డ ఒక మనిషి చెయ్యి తీసిందన్న బాధ ఉంది. ఆ బాధ దాచుకునే ప్రయత్నం కూడా ఆయన చెయ్యలేదు.

ఇసుక దులుపుకుని లేచి, "నీ తలగుడ్డ ఇయ్యి" అన్నాడు.

అది మొన్న సంతలో కొన్న గట్టి నేత గుడ్డ. మోనప్ప దాని కొస కత్తితో కోసి ఆముదంలో తడిపి ఇచ్చాడు.

"మందు అంతే. గుండు అదే. నిలబడే చోటు అదే. గుడ్డ ఒకటే మారల్ల. నన్ను తలుచుకోవద్దు."

ఉరుకుందు మూడుసార్లు కాల్చాడు. ఈసారి ఇద్దరూ కలిసి చెక్క దగ్గరికి పోయారు. మూడు బొక్కలూ సున్నపు బొట్టు పక్కనే ఉన్నాయి, అరచెయ్యి పెడితే మూడూ కనిపించవు. తిరిగి వస్తూ పేలికలు ఏరి చూశారు. నడుమ మసి పట్టింది గానీ ఒక్కటీ కాలలేదు.

ఉరుకుందు సంతోషిస్తాడనుకుంటాం. అతను రాతి మీద కూలబడి ఏడ్చాడు.

"ఒక గుడ్డపేలికకా సామీ, బీరప్ప చెయ్యి పోయింది?"

"అవును."

"నా పాపం అనుకుంటిని."

"పాపమైతే ఉపవాసాలు ఉండొచ్చు," అన్నాడు మోనప్ప. "గుడ్డకు ఏం ఉంటావు?"

వంకలో గాలి లేదు. మందు వాసన ఇంకా పోలేదు. ఉరుకుందు ముఖం తుడుచుకుని, తలగుడ్డలో మిగిలింది మడిచి చంకలో పెట్టుకున్నాడు. రేపు సాయంత్రం మంద దగ్గరికి పోతానన్నాడు. పోయేముందు పొద్దున్నే బీరప్ప గుడిసెకు పోవాలి. ఇంతకాలం ఆ గుమ్మం తొక్కడానికి అతనికి మొహం చెల్లలేదు.

"ఆయనకు ఏం చెప్పల్ల సామీ?"

"గుడ్డ పాతదని చెప్పు."

ఉరుకుందు తల ఊపాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"చెప్తాను సామీ. ఎవరి గుడ్డో మాత్రం చెప్పను."

మోనప్ప చేతికంటిన మసి ఇసుకతో రుద్దుకుంటున్నాడు.

"అదే చెప్పల్ల," అన్నాడు. "చెప్పకపోతే రేపు ఇంకొకడొచ్చి నా పంచె అడుగుతాడు."