కూర్చుంటే కూసే గొట్టం

బోడకొండ కింద బోదగడ్డిలో చెంగమ్మ అనే కుందేలు ఉండేది. ఆమె పరుగంటే అలాంటిలాంటి పరుగు కాదు. పొద్దున పరుగు తీస్తే ఆమె నీడ సాయంత్రానికి గానీ రొప్పుకుంటూ ఇల్లు చేరేది కాదు! అంతటి చెంగమ్మకి పుట్టిన పిల్ల పింజ మాత్రం గడ్డిలో ముడుచుకుని కూర్చుందంటే ఇక కూర్చున్నట్టే. పక్కనుంచి ఏనుగుల మంద వెళ్లినా చెవి కదిలేది కాదు.

చెంగమ్మకి అదే దిగులు. మేత గొంతు దిగేది కాదు.

"ఈ పిల్లేమిటే, కొయ్యబొమ్మలా?" అని పక్కపొదలో ఉండే కౌజుపిట్ట కొండమ్మ దగ్గర రోజూ వాపోయేది.

"ఈ వయసులో కూర్చోక కొండలు మోస్తుందా? ఊరుకో వదినా," అనేది కొండమ్మ.

ఈ మాటలు గుంటనక్క గుంటయ్య చెవిన పడ్డాయి. కదలని కుందేలు పిల్ల కంటికీ ఆనదు, వాసనకీ అందదు. ఆ గడ్డినంతా జల్లెడ పట్టీ పట్టీ గుంటయ్య కడుపు వీపుకి అంటుకుపోయింది. మర్నాడే వెదురు గొట్టాల దండ మెడలో వేసుకుని, వైద్యుడి వేషంలో దిగాడు.

"అమ్మా చెంగమ్మా, కదలని పిల్లకి కాళ్లు చచ్చుపడతాయి తల్లీ. ఈ గొట్టంలో కీచురాయి ఉంది. పిల్ల మెడకి కట్టు. కూర్చుంటే కూస్తుంది, కదిలితే నోరు మూస్తుంది. నువ్వు ఎంత దూరాన మేస్తున్నా పిల్ల సంగతి తెలిసిపోతుంది."

"ఊరికే ఇస్తున్నారా, వైద్యులుగారూ?"

"పిల్లలంటే నాకు ప్రాణమమ్మా," అంటూ మూతి నాక్కున్నాడు గుంటయ్య.

అది మొదలు చెంగమ్మకి కంటిమీద కునుకు లేదు. కీచుమంటే చాలు, నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా పరుగెత్తుకొచ్చేది. "లేవవే పింజా! నాలుగడుగులు వెయ్యవే!"

"కూర్చుంటే తప్పా అమ్మా?"

"తప్పు కాదే, జబ్బు!"

ఒక మధ్యాహ్నం వాగు ఒడ్డున మేస్తుంటే కూత ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్లీ వినబడలేదు. చెంగమ్మ కళ్లు చెమర్చాయి. "కొండమ్మా, విన్నావా? నా పిల్ల నడుస్తోంది!"

పక్కనే పురుగులు ఏరుకుంటున్న కొండమ్మ మెడ సాచింది. "నడిస్తే గడ్డి అలికిడేదీ? కీచురాళ్లను ఏరుకు తిని బతికేదాన్ని, నాకు తెలియదా? దగ్గరికి ఎవరొచ్చినా అవి నోరు మూసుకుంటాయి వదినా!"

చెంగమ్మ ఉరికింది. ఆ ఉరుకుకి కొండగాలి పక్కకి తప్పుకోలేక బోర్లా పడింది!

గడ్డిలో ఒక కాలెత్తి గుంటయ్య నిలబడి ఉన్నాడు. కూత ఆగిపోవడంతో పిల్ల ఏ దుబ్బులో ఉందో తెలియక ముక్కు అటూ ఇటూ తిప్పుతున్నాడు. అతనికి మూరెడు దూరంలో పింజ, గుడ్లు మిటకరించుకుని, కదలకుండా కూర్చుని ఉంది.

"పింజా, బంగారు తల్లీ! లేచి నాలుగడుగులు వెయ్యి. మీ అమ్మ ఎంత సంతోషిస్తుందో!" అన్నాడు గుంటయ్య తీయగా.

అవి చెంగమ్మ రోజూ అనే మాటలే. పింజ ముందుకాలు వణికింది. కొద్దిగా పైకి లేచింది. చెంగమ్మ ఉన్నచోటే ఆగింది. అరిస్తే పిల్ల తనవైపు పరుగెత్తుతుంది. పరుగెత్తిందో, అంతే!

"వైద్యులుగారూ!" అంది చెంగమ్మ. "ఇవాళ నా పిల్ల కూర్చుంటేనే నాకు సంతోషం. ఎంతసేపు కూర్చుంటుందో మీరే చెవులారా వినాలి."

పింజ కాలు మెల్లగా నేల మీదికి దిగింది.

"ఏం వినను? ఇది నోరు విప్పడం లేదుగా!"

"మీరు తిరుగుతుంటే ఎలా కూస్తుందండీ? మీ పక్కనున్న ఆ ఎండాకుల గుట్ట మీద మెత్తగా కూర్చోండి. కదలకండి. అదే కూస్తుంది."

పిల్లని తానే పట్టిస్తోంది, వెర్రి మాలోకం అనుకుని గుంటయ్య చతికిలబడ్డాడు. ఆ ఆకుల కింద ఎర్రచీమల పుట్ట ఉందని అక్కడ కాపురమున్న వాళ్లకే తెలుసు.

చీమలు తోక మీదుగా పైకి బయల్దేరాయి. గుంటయ్య పళ్లు బిగించాడు.

"కదలకండి! కదిలితే ఆగిపోతుంది!"

"కీ..." అంది కీచురాయి. గుంటయ్య చెవి నిక్కింది. "కీచ్... కీచ్..." సరిగ్గా అతని మోకాలి పక్కనే. నోరు తెరిచాడు. చెంగమ్మ కళ్లు మూసుకుంది.

అప్పుడు కుట్టాయి చీమలు, అన్నీ ఒక్కసారే!

గుంటయ్య ఎగిరిన ఎత్తుకి మబ్బుల్లో గద్ద ఒకటి దారిచ్చి పక్కకి జరిగింది. కింద పడ్డవాడు పడ్డట్టే కుయ్యోమంటూ కొండ దాటాడు.

చెంగమ్మ గొట్టం తెంపి వాగులోకి విసిరేసి, పిల్ల పక్కన కూలబడింది.

"ఇప్పుడు లేవనా అమ్మా?"

"నీ ఇష్టం తల్లీ. నేను మాత్రం కాసేపు కూర్చుంటాను."

గుంటయ్య సంగతా? వానలు వచ్చి వెళ్లేదాకా నిలబడే తిన్నాడు, నిలబడే నిద్రపోయాడు.

నీతి: పిల్ల జాడ తల్లికి చెప్పే గొట్టం, ఒక్క తల్లికే చెప్పి ఊరుకోదు.